దారం కట్టని కుక్కపిల్ల

కాలరు లోపల సూది గుచ్చి, రెండు కుట్లు వేసి, ముడి బిగించి, దారాన్ని పంటితో తెంపబోయి ఆగింది గుర్తులక్క. బల్ల కింద ఆమె చెప్పు అంచుని ఎవరో పట్టుకుని గుంజుతున్నారు. గుంజీ గుంజీ పట్టు తప్పి వెల్లకిలా పడి, సిగ్గు లేకుండా మళ్ళీ లేచి వచ్చి పట్టుకున్నారు.

"ఉండవే తల్లీ, పనిలో ఉన్నా" అంది వంగి చూడకుండానే.

చూస్తే ఇక పని ముందుకు సాగదని ఆమెకు తెలుసు. పొద్దున్నుంచీ అది సాగిందీ లేదు. ఒక చొక్కాకి ఆకుపచ్చ దారం బదులు నీలం కుట్టి, నాలుక్కరుచుకుని, విప్పి మళ్ళీ కుట్టింది. వేలికి సూది గుచ్చుకుంది. ఇన్నేళ్ళుగా అదే పని చేస్తున్న మనిషికి సూది గుచ్చుకుందంటే, మనసు వేలి దగ్గర లేదనే కదా. ఎక్కడుందంటే బాయిలరు వెనక ఉంది, వీధి గుమ్మం దగ్గర ఉంది, ఇంటి దగ్గర మరదలి ముందు నిలబడి ఉంది. ఒక్క చోట ఉంటేగా!

కౌంటరు గంట మోగింది. గుర్తులక్క సగం లేచింది. ఎవరో మూట ఇచ్చిపోవడానికి వచ్చినవాళ్ళు. మళ్ళీ కూర్చుంది.

"ఇదే వరస పొద్దున్నుంచీ" అన్నాడు బొగ్గులాయన, ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి. బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే రోజుల్లో పడిన పేరు అది. ఆవిరి పెట్టెలొచ్చి ఆయన జుట్టు నెరిసినా పేరు మాత్రం నల్లగానే ఉండిపోయింది. "కాలు కాలిన పిల్లిలా ఏంటక్కా ఆ తిరుగుడు? పిల్లల్ని కన్నది ఆ కుక్కా, నువ్వా?"

"నోర్ముయ్యి" అంది గుర్తులక్క. తర్వాత, అంత కటువుగా అన్నందుకు తనే నొచ్చుకుని, "ఎండ తగుల్తోంది, కిటికీ దగ్గర కూర్చోలేకపోతున్నా" అంది. కిటికీలో ఎండ లేదు. బొగ్గులాయన కిటికీ వంక ఓసారి చూసి, ఆవిరి వదిలి, ప్యాంటు మడత మీద పెట్టె పోనిచ్చాడు.

పెద్ద లాండ్రీ ఏమీ కాదది. వీధి వైపు కౌంటరు, అక్కడ ఓనరమ్మ. వెనక పొడుగాటి గదిలో ఒక పక్క ఉతికే యంత్రాలు, ఒక పక్క ఇస్త్రీ బల్లలు, చివర గోడవారగా బాయిలరు. కిటికీ కింద గుర్తుల బల్ల. ఏ ఇంటి మూటైనా ముందు ఆ బల్ల మీదికే రావాలి. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం. ఆ దారం కాలరు లోపలో, నడుంపట్టీ వెనకో, తువ్వాలు మూలనో కుట్టాక గానీ బట్ట నీళ్ళలోకి దిగకూడదు. పదిళ్ళ బట్టలూ యంత్రంలో కలగాపులగమై గిరగిరా తిరిగొచ్చాక, ఏది ఎవరిదో చెప్పేది ఆ దారమే. ఇస్త్రీ అయి మడతపడ్డాక దాన్ని విప్పేదీ గుర్తులక్కే. వచ్చినప్పుడు కట్టాలి, పోయేటప్పుడు విప్పాలి. ఆ పనిలో పడి ఆవిడ అసలు పేరేమిటో లాండ్రీలో అందరూ మరిచిపోయారు.

ఎప్పుడైనా దారం లేని బట్ట ఒకటి తేలుతుంది. అది మూలనున్న పెద్ద వెదురు బుట్టలోకి పోతుంది. దాన్ని అనామతు బుట్ట అంటారు. అందులో పడ్డది ఎవరిదీ కాదు. కొన్నాళ్ళు చూసి, అడిగినవాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ చొక్కా తమదేనని ఎవరైనా వచ్చి మొత్తుకున్నా, "గుర్తేదండీ?" అని అడుగుతుంది ఓనరమ్మ. ఆ మాట ఆమెకు నేర్పింది గుర్తులక్కే. గుర్తు దగ్గర ఎవరి మొహమూ చూడదు ఆవిడ. నోట్లో నాలుక లేని మనిషే గానీ ఆ ఒక్క విషయంలో కొండలా నిలబడుతుంది.

వీధిలో తిరిగే నల్లకుక్క ఒకటి వానల్లో వెనక తలుపు సందులోంచి దూరి, బాయిలరు వెచ్చదనానికి పడుకుని, నాలుగు పిల్లల్ని పెట్టింది. కళ్ళు తెరవగానే ఎవరికైనా ఇచ్చేసి చోటు కడిగించమంది ఓనరమ్మ. గుర్తులక్క ఎదురు చెప్పలేదు. అలాగేనమ్మా అంటూనే, ఇవాళ చలిగా ఉందమ్మా, ఇవాళ తల్లికి బాలేదమ్మా అని రోజులు దొర్లించింది. కోట్లు ఉతికించుకోవడానికి వచ్చిన పశువుల డాక్టరు అటు తొంగిచూసి, "అప్పుడేనా! ఎనిమిది వారాలన్నా ఉంచండి. పాలు మానాలి, తిండికి అలవాటు పడాలి. కరిస్తే ఎదుటివాడికి నొప్పి పుడుతుందని ఒకదాన్నొకటి కరుచుకునే నేర్చుకుంటాయి. ముందే విడదీస్తే మొండిగా తయారవుతాయి" అన్నాడు. ఆ ముక్క విన్నాక ఓనరమ్మ కూడా మెత్తబడింది. ఆ ఎనిమిది వారాలు ఇవాళ్టితో నిండాయి.

నిండాయని డాక్టరు చెప్పక్కర్లేదు. పిల్లలు పాల కోసం ఎగబడితే నల్లకుక్కే లేచి, వాటిని దులిపేసుకుని, గుమ్మం బయటికి పోయి పడుకుంటోంది. సూదుల్లాంటి పళ్ళు మరి, ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది! అవి ఇప్పుడు నానేసిన రొట్టె తింటున్నాయి, చెప్పులు తింటున్నాయి, ఓనరమ్మ గొడుగు పిడి కూడా తిన్నాయి.

తీసుకెళ్తామన్నవాళ్ళు ముగ్గురూ లాండ్రీకి బట్టలిచ్చేవాళ్ళే. మూడు పిల్లలూ తల్లి పోలికే, నల్లగా ఒకే అచ్చు. నాదిదంటే నాదిదని రేపు గొడవ రాకుండా, ఎవరి పిల్ల మెడకి వాళ్ళింటి దారమే కట్టింది గుర్తులక్క. బేకరీ ఆయనది పసుపు. లెక్కల టీచరమ్మది నీలం. వాచీలు బాగుచేసే ఆయనది ఎరుపు. ఆ ఏర్పాటు చూసి ఓనరమ్మ తెగ ముచ్చటపడింది.

నాలుగోది గోధుమరంగు. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. ఇప్పుడు చెప్పు నములుతున్నది అదే. దాని మెడ బోసిగా ఉంది.

"దానికేం కట్టలేదేం?" అని అడిగాడు బొగ్గులాయన పొద్దున్నే.

"దానికింకా ఎవరూ రాలేదు" అంది గుర్తులక్క, అటు తిరిగి.

అబద్ధం. దానికి ఎప్పుడో వచ్చారు. కళ్ళు తెరవకముందే వచ్చారు. తల్లి పొట్ట కింద చోటు దొరక్క అది పక్కకి దొర్లిపోతే, అరచేతిలోకి తీసుకుని మళ్ళీ చోట్లో పెట్టిన రోజునే గుర్తులక్క మనసులో అది తనదైపోయింది. కానీ ఆ మాట బయటికి అనాలంటే ముందు ఇంట్లో అడగాలి. అడగాలనుకుని ఎనిమిది వారాలైంది. ఈ పొద్దున కూడా వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. మరదలు పొయ్యి మీద ఏదో పొంగిపోతుంటే దించుతూ, "ఏంటొదినా?" అంది. "ఏం లేదు" అంది గుర్తులక్క. చెప్పులేసుకుని వచ్చేసింది. దారంతా తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

బల్ల సొరుగులో ఎవరికీ కేటాయించని ఊదారంగు దారపు ఉండ ఒకటి ఉంది. మూటలు తగ్గిన వేళ చూసి దాన్ని తీసింది. జానెడు ముక్క తెంపింది. కుక్కపిల్లని ఒళ్ళోకి ఎత్తుకుంది. అది చేతి కింద మెలికలు తిరుగుతూ దారాన్నే కొరకబోయింది. మెడ చుట్టూ తిప్పి, కొసలు రెండూ కలిపి, ముడి వెయ్యకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. ఇంట్లో అడక్కుండా కట్టేసుకుంటే ఎలా? రేపు మరదలు వద్దంటే? కట్టిన గుర్తు విప్పి బుట్టలో పడెయ్యాలా? ఆ ఊహకే ప్రాణం ఉసూరుమంది. దారాన్ని సొరుగులో పడేసి, కుక్కపిల్లని కిందికి వదిలింది. అది తిన్నగా అనామతు బుట్ట దగ్గరికి పోయి, అంచు మీదినుంచి తలకిందులుగా దొర్లి, దిక్కులేని బట్టల మధ్య చుట్టచుట్టుకుంది. నిద్రకి దానికదే పరుపు.

బేకరీ ఆయన మొదట వచ్చాడు. పిండి చేతులు చొక్కాకి తుడుచుకుని మరీ చాపాడు. గుర్తులక్క పసుపు దారం పిల్లని అందించి, ఓ పాత గుడ్డముక్క కూడా ఇచ్చింది. "రాత్రికి ఏడుస్తుంది. ఇది పక్కన వెయ్యండి, వాళ్ళమ్మ వాసన ఉంటుంది."

"అలాగేనక్కా."

"ఉప్పు ఉన్నవేం పెట్టకండి."

"అలాగే."

"ఎత్తుకున్నప్పుడు వెనక కాళ్ళ కింద చెయ్యి వెయ్యండి. అలా కాదు. ఇలా."

"అక్కా, నేను ముగ్గురు పిల్లల తండ్రిని" అన్నాడాయన నవ్వి. నల్లకుక్క గుమ్మం పక్కనే పడుకుని ఒక కన్ను తెరిచి చూసింది, తోక నేలకేసి ఒకసారి కొట్టింది, మళ్ళీ కన్ను మూసుకుంది. గుర్తులక్క మాత్రం వీధి మలుపు దాకా ఆయన వెనకే నడిచి, ఎందుకు నడిచిందో తెలియనట్టు నిలబడి, తిరిగొచ్చింది.

టీచరమ్మ వచ్చినప్పుడు ఆ జాగ్రత్తలన్నీ మళ్ళీ మొదలు. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని అన్నీ శ్రద్ధగా విని, "పరీక్ష పెట్టరు కదా?" అంది. అందరూ నవ్వారు. గుర్తులక్క కూడా నవ్వబోయింది గానీ, అదే క్షణంలో బుట్టలోంచి గోధుమరంగు చెవి ఒకటి లేవడం, టీచరమ్మ చూపు అటు పోవడం కనిపించి ఆగిపోయింది.

"అయ్యో, ఇదెంత బాగుందో! ఇదెవరిది?"

"మీది నీలం దారమమ్మా, ఇదిగో" అని చేతిలో పెట్టేసి, ఆవిణ్ణి దాదాపు తోసినంత పనిచేసి గుమ్మం దాటించింది. ఈసారి తప్పింది. ఇంకోసారి తప్పుతుందని ఏముంది? గుమ్మం తెరిచి ఉన్న చోట, ఎవరు పడితే వాళ్ళు వచ్చిపోయే చోట, బోసి మెడతో అది పడుకుని ఉంటే!

అప్పుడు నిశ్చయించుకుంది. ఇప్పుడే ఇంటికి వెళ్ళి అడిగేస్తుంది. ఫోన్లో అయితే మరదలు పొడిపొడిగా రెండు మాటలని పెట్టేస్తుంది. ఎదురుగా నిలబడి అడగాలి.

"అమ్మా, ఓసారి ఇంటికెళ్ళొస్తా" అంది కౌంటరు దగ్గర.

ఓనరమ్మ తలెత్తి చూసింది. పని మధ్యలో గుర్తులక్క ఇంటికెళ్ళడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. "ఏం కొంపలంటుకున్నాయి? అంతా బానే ఉన్నారా?"

"బానే ఉన్నారమ్మా. ఇట్టే వచ్చేస్తా."

ఇంకొక్క మాట అంటే సరిపోయేది. ఆ గోధుమరంగుది ఎవరికీ ఇవ్వకండి అంటే చాలు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎందుకివ్వకూడదూ అని అడుగుతుంది ఓనరమ్మ. నాకు కావాలి అని చెప్పాలి. ఇంట్లో ఒప్పుకున్నాక చెబుదాంలే, ఒప్పుకోకపోతే నగుబాటు కదా, అనుకుంది. మా మంచి మనిషి, పైకి అనాల్సినప్పుడే అన్నీ లోపల అనుకుంటుంది.

మందుల షాపు దాటి, తాళాలు చేసేవాడి బండి దాటి, గోడల మీద పాత పోస్టర్లు చిరిగి వేలాడే సందులోంచి అడ్డం పడి నడిచింది. నడకలో మాటలు కూర్చుకుంది. చిన్నదే. అరవదు. నా జీతంలోంచే తిండి. ఛీ, జీతం మాట ఎందుకు, మరదలు నొచ్చుకుంటుంది. చిన్నదే, అరవదు, అంతవరకు చాలు. మూడో అంతస్తు మెట్లెక్కేసరికి ఆ రెండు మాటలు కూడా ఎగిరిపోయాయి.

భర్త పోయిన కొత్తలో, నాలుగు రోజులుండి వెళ్దామని తమ్ముడింటికి వచ్చింది గుర్తులక్క. అప్పటికి మరదలు కొత్త పెళ్ళికూతురు. ఆ నాలుగు రోజులు ఇంకా అయిపోలేదు. ముందుగదిలో తలుపు వెనక ఆవిడ పరుపు చుట్ట ఉంటుంది. అందరికంటే ఆఖర్న పరుచుకుంటుంది, అందరికంటే ముందు చుట్టేస్తుంది. స్నానాల గదిలో ఆవిడ సబ్బు ఉండదు. పని కాగానే తన సంచిలోకి తీసేసుకుంటుంది. ఫ్యాను వేగం పెంచమని అడగదు, తగ్గించమని అడగదు. వాళ్ళు ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అననివాళ్ళ దగ్గర మరీ ఒదిగి ఉండాలని ఆవిడ లెక్క.

మరదలు తలుపు తీసి కంగారుపడింది. "ఏంటొదినా, ఈ వేళప్పుడొచ్చావు? ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"మరి?"

"దాహమేసింది. మంచినీళ్ళ కోసం వచ్చా."

"లాండ్రీలో నీళ్ళు లేవా?" అంది మరదలు. అని, ఆ మాటకి తనే ఫక్కున నవ్వింది.

గుర్తులక్కకీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే, "కుక్కపిల్ల ఉంది" అంది. "అక్కడ. చిన్నది. నాకు కావాలి."

'నాకు కావాలి' అని తను అన్నది తన చెవులకే వింతగా వినిపించింది. తల దించుకుని చెప్పులు చూసుకుంది. ఎడమ చెప్పు అంచు పీచుపీచుగా ఉంది.

మరదలు లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఇస్తూ, "ఎక్కడ పడుకుంటుంది?" అంది.

"నా దగ్గరే. తలుపు వెనక."

"అరుస్తుందా?"

"అరవదు" అంది. నీళ్ళు తాగింది. ఇన్నేళ్ళుగా నిజమే కుట్టిన చెయ్యి ఆవిడది, అబద్ధం ఇమడలేదు. "అరుస్తుంది. కొంచెం."

"వదినా" అంది మరదలు. "ఈ ఇంటికొచ్చాక నువ్వు నన్నేదైనా అడగడం ఇదే మొదలు, తెలుసా? కూరలో ఉప్పు మరిచిపోతే కూడా మాట్లాడకుండా తినేస్తావు. నీకేం నచ్చిందో, ఏం నచ్చలేదో తెలియక చచ్చిపోతుంటా నేను. పొద్దున్నే నీ పరుపు చుట్టేసి ఉంటుంది చూడు, రాత్రికి రాత్రి వెళ్ళిపోయావేమోనని రోజూ నాకు ఒకటే గుబులు. మీ తమ్ముడితో చెప్తే నవ్వుతాడు."

తను ఒదిగి ఉన్నాననుకున్నన్నాళ్ళూ ఈ పిల్ల భయపడుతోందా!

"తెచ్చుకో. ఇవాళే తెచ్చుకో" అంది మరదలు. "మళ్ళీ రేపంటే నీ మనసు మారిపోతుంది. వెళ్ళు, వెళ్ళు."

మెట్లు దిగడం గుర్తులేదు. సందులో ఎవరో పలకరిస్తే ఏదో అంది. తాళాల బండి దగ్గర చెప్పు జారిపోతే వేలితో పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచింది. ఊదారంగు. ఊదారంగే కడుతుంది, రెండు ముడులు వేసి కడుతుంది. లాండ్రీ మలుపు తిరిగేసరికి, సామాన్లు నిండా కట్టిన లారీ ఒకటి ఎదురొచ్చి, పక్కకి తప్పుకోమని హారను కొట్టి, ఆమెని దాటుకుని పెద్దరోడ్డు వైపు పోయింది. దాని వెనకే ఓ కారు. ఆవిడ గోడకి ఒదిగి నిలబడి రెండిటికీ దారిచ్చింది.

వెనకగదిలోకి వెళ్ళి బుట్టలోకి వంగింది. బట్టలు ఎత్తి చూసింది. బాయిలరు వెనక చూసింది. ఎర్రదారం పిల్ల ఒక్కటే అక్కడ తోక ఊపుతూ ఎదురొచ్చింది.

"అదేది?" అంది.

"ఏది?" అన్నాడు బొగ్గులాయన.

"గోధుమరంగుది."

"ఇప్పుడే పోయిందక్కా. ఆ ఉంగరాల జుట్టావిడ లేదూ, ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు పోతున్నారని కర్టెన్లన్నీ ఉతికించింది, ఆవిడ పట్టుకెళ్ళింది."

కౌంటరు దగ్గరికి ఎలా వచ్చిందో వచ్చింది. ఓనరమ్మ సంతోషంగా మొహం పెట్టుకుని ఉంది. "నాలుగోదానికీ దారి దొరికింది గుర్తులక్కా! ఆవిడ కర్టెన్లు తీసుకోవడానికి వచ్చి, బుట్టలో చూసి ఇదెవరిదండీ అంది. మెడ చూశాను, దారం లేదు. గుర్తు లేదు కదా, తీసుకెళ్ళండి అన్నా. ఎంత మురిసిపోయిందో! ఒళ్ళో పెట్టుకుని కార్లో కూర్చుంది. లారీ వెనకాలే వెళ్ళిపోయారు."

"అది నాది" అంది గుర్తులక్క.

అరవలేదు. మామూలుగానే అంది. కానీ వెనకగదిలో ఆవిరి చప్పుడు ఆగిపోయింది.

"నీదా?" అంది ఓనరమ్మ.

"నాదమ్మా. నాకు కావాలని ఉంచుకున్నా. ఇంట్లో అడగడానికి వెళ్ళా. ఒప్పుకున్నారు."

"అయ్యో! ఒక్క ముక్క, ఒక్క ముక్క చెప్పి వెళ్ళకూడదూ!" ఓనరమ్మ తల పట్టుకుంది. ఫోను తీసి కర్టెన్లావిడ నంబరు కలిపింది. మోగలేదు. ఊరు మారుతూ ఆ నంబరు మానేసినట్టున్నారు. మళ్ళీ కలిపింది. గుర్తులక్క ఆ ఫోను వంకే చూస్తూ నిలబడింది, ఓనరమ్మ దాన్ని బల్ల మీద పెట్టేసేదాకా.

"నేనడిగాను కదక్కా పొద్దున" అన్నాడు బొగ్గులాయన, పొడుస్తున్నట్టు కాదు, ఏడుపు గొంతుతో. "ఎవరూ రాలేదన్నావు."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆవిడకి తెలియలేదు. ఓనరమ్మ మీద తెచ్చుకుందామంటే, గుర్తు లేనిది ఎవరిదీ కాదని ఆమెకి నేర్పింది తనే. బల్ల దగ్గర కూర్చుని ఒక ప్యాంటు తీసుకుంది. నడుంపట్టీ వెనక దారం విప్పాలి. విప్పింది. ఇంకోటి తీసింది. ఎర్రదారం పిల్ల వచ్చి చెప్పు పట్టుకుంది, తోడు లేక అది కూడా ఇక్కడా అక్కడా తచ్చాడుతోంది. దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

ఓనరమ్మ వచ్చి పక్కన నిలబడింది. "దీన్ని తీసుకో. వాచీలాయనకి నేను సర్దిచెప్తా. ఆయనింకా రానేలేదు, వస్తాడో రాడో."

చేతిలో కత్తెర ఉంది. మెడలో దారం సన్నగా, బొచ్చులో కలిసిపోయి ఉంది. ఒక్క చిన్న కత్తిరింపు. కుక్కపిల్ల ఆమె బొటనవేలుని నోట్లో పెట్టుకుని, నొప్పి పుట్టకుండా, మెత్తగా నమిలింది. ఎవరైనా ఇది నీదే అని చెయ్యి పట్టుకుని కత్తిరిస్తే బావుండునని ఉంది. కత్తెర తెరుచుకుంది కూడా.

కౌంటరు గంట మోగింది. వాచీలాయన. ఆయాసపడుతూ వచ్చాడు, చంకలో అట్టపెట్టె. పెట్టెకి నాలుగు పక్కలా గాలి కోసం చిన్న చిన్న బెజ్జాలు, వాచీ పనిముట్లతోనే చేసినట్టున్నాయి, అన్నీ ఒకే కొలత. "ఆలస్యమైంది, ఎవరికైనా ఇచ్చేశారేమోనని పరిగెత్తుకొచ్చా" అన్నాడు.

"మీది ఎవరికెందుకిస్తాం?" అంది గుర్తులక్క.

పిల్లని పెట్టెలో దించి, గుడ్డముక్క వేసింది. ఉప్పు గురించి, వెనక కాళ్ళ గురించి, ఈసారి ఏమీ చెప్పలేదు. ఆయనే అడిగాడు, రాత్రి ఏడిస్తే ఏం చెయ్యాలని.

"ఏడవనివ్వండి" అంది. "పక్కనే కూర్చోండి."

లాండ్రీ మూసేవేళకి నల్లకుక్క లోపలికొచ్చి, బాయిలరు వెనక వాసన చూసి, బుట్టలో వాసన చూసి, గుర్తులక్క కాళ్ళ దగ్గర వాసన చూసి, గుండ్రంగా రెండు చుట్లు తిరిగి పడుకుంది. నిద్రపోయింది కూడా. దాని నిద్ర చూస్తే గుర్తులక్కకి ఒళ్ళు మండింది. తర్వాత వంగి, దాని చెవుల మధ్య నిమిరి, లైటు ఆర్పి బయటపడింది.

సందు వెలుతురు పల్చబడుతోంది. కావాలని చుట్టుదారిలో నడిచింది. పెద్దరోడ్డు మీద పోతున్న లారీలన్నిటి వంకా చూసింది, పిచ్చిమొహంలా, అవన్నీ ఎటో పోతుంటే. మెట్ల దగ్గర చాలాసేపు నిలబడింది. పైకెళ్ళకపోతే బావుండు, కానీ ఎక్కడికి పోతుంది?

తలుపు తట్టకముందే తెరుచుకుంది. మరదలు ముందు ఆమె చేతుల వంక చూసింది, తర్వాత సంచి వంక, తర్వాత వెనక మెట్ల వంక.

"ఏదొదినా?"

"వేరేవాళ్ళు తీసుకెళ్ళారు. నేనిక్కడికొచ్చినప్పుడు."

"నీదని చెప్పలేదా?"

"చెప్పా." చెప్పులు విప్పబోయి గోడ పట్టుకుంది. "ఆలస్యంగా చెప్పా."

"నోరెందుకిచ్చాడు వదినా నీకు దేవుడు!" అంది మరదలు. గట్టిగానే అంది. అని, రెండు చేతులతో ఆమె భుజాలు పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, అక్కడే ముందుగదిలో నిలబడి ఏడ్చేసింది. గుర్తులక్క ఏడవలేదు. మరదలి వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ, తలుపు వెనక మూల వైపు చూసింది.

ఆమె పరుపు చుట్ట విప్పి, శుభ్రమైన దుప్పటి పరిచి ఉంది. పక్కనే నేల తడిగుడ్డ పెట్టి తుడిచినట్టుంది, ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ తడి పక్కన, చుట్టాలొస్తే తప్ప అద్దాల బీరువాలోంచి బయటికి తీయని పువ్వుల పింగాణీ గిన్నెలో పాలు, ఎప్పుడు పోసినవో, చల్లారి, పైన పల్చగా మీగడ కట్టి ఉన్నాయి.